వెనక కాలి కింద ఇత్తడి రేకు

బొమ్మసంద్ర,
8-11-2009, ఆదివారం.

నాయనకు,

నీ కూతురు నేత్రావతి నమస్కరించి రాస్తున్నది. నా ఒంటికి ఏ లోటూ లేదు. జలుబు తగ్గింది, వేళకు తింటున్నాను. అక్కడ నువ్వూ అమ్మా బాగున్నారని, అమ్మ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించిందని చదివి మనసు కుదుటపడింది.

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. దాన్ని చేతిసంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను కానీ జవాబు రాయలేదు. ఫోను చేసి మాట్లాడవచ్చు కదా అంటారు నా గదిలో ఉండే అమ్మాయిలు. ముప్ఫై ఏళ్లు లారీ బరువు మోసే కమాన్ కట్టల మీద సుత్తి వేసి వేసి నీ చెవులు వినికిడి పోగొట్టుకున్న సంగతి వాళ్లకు తెలియదు. ఫోను చేస్తే అమ్మ తీస్తుంది. నేను చెప్పింది నీ చెవిలో అరుస్తుంది, నువ్వు అన్నది నాకు అరుస్తుంది, మధ్యలో నువ్వు అనని మాటలు రెండు తనే కలుపుతుంది. పోయినసారి నువ్వు నన్ను పెళ్లికి తొందర పెడుతున్నావని చెప్పింది. అది నీ గొంతు కాదని నాకు తెలుసులే. మనిద్దరికీ కాగితమే మేలు.

నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు పలమనేరు షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసి నీకు అక్షరాలు చూపించాను. మిగిలింది వచ్చే పోయే లారీల వెనక రాతలు కూడబలుక్కుని నువ్వే నేర్చుకున్నావు. మన ఇంట్లో మొదట చదువుకున్నది నేను, రెండోవాడివి నువ్వు. ఒక్కటే చిక్కు. నువ్వు పైకి చదివితే వీధి చివర పంక్చర్లు వేసేవాళ్లకు కూడా వినబడుతుందట, అమ్మ చెప్పింది. ఈ ఉత్తరంలో మొదటి రెండు కాగితాలు అలాగే చదువు, అమ్మ వింటుంది. మూడో కాగితం నుంచి మాత్రం షెడ్డు వెనక్కి తీసుకుపోయి, నోరు కదపకుండా చదువుకో నాయనా.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. వరసగా చెబుతాను.

మొదటిది, ఆ పలక మీద మనిషి ఎట్లా నిలబడతాడని. దాన్ని స్నోబోర్డు అంటారు. మేము చేసేది మంచు కొండ మీద నుంచి బాగా వేగంగా వంపులు తిరుగుతూ దిగేవాళ్లది. మనిషి కంటే కాస్త పొట్టిగా, జానెడు వెడల్పుతో, నడుము సన్నంగా ఉంటుంది. మా ఫిట్టరు పాపయ్య మామ మొదటి రోజే దానికి ఇస్త్రీ బల్ల అని పేరు పెట్టాడు. ఇప్పుడు కంపెనీ అంతా అదే పేరు. గట్టి ప్లాస్టిక్ బూట్లు వేసుకుని, రెండు పాదాలూ ఏటవాలుగా బిగించుకుని నిలబడాలి. పాదాలు తిన్నగా అడ్డం పెడితే వేళ్లు పక్కకు పొడుచుకొచ్చి మంచుకు తగులుతాయి. మనిషి పక్కకు ఒరిగితే బోర్డు అంచు మీద లేస్తుంది, విల్లులాగా వంగుతుంది, వంగిన దారినే తిరుగుతుంది. జూలైలో ఆస్ట్రియా దేశం నుంచి మార్టిన్ అనే ఇంజనీరు నాలుగు బోర్డులు తెచ్చి, ల్యాప్‌టాప్‌లో ఒక వీడియో చూపించాడు. ఒక అమ్మాయి ఎంత ఒరిగిందంటే ఆమె చెయ్యి మంచును రాసుకుంటూ పోయింది. వెనక మిగిలిన గీత కత్తితో కోసినట్టుంది. నేను దాన్ని ఆరేడుసార్లు చూశాను. మంచు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు, కానీ ఆ గీత గీయడంలో నా చెయ్యి కూడా ఉండాలనిపించింది.

రెండోది, బోర్డు మీద ఇంకో బోర్డు ఎందుకని. అదే మా పని. బూట్లు తిన్నగా బోర్డుకే బిగిస్తే పాదాలున్న చోట అది వంగదు, గరుకు మంచు మీద ప్రతి గతుకూ మోకాలికి తగులుతుంది. అందుకని బోర్డు మీద రెండు చిన్న అల్యూమినియం దిమ్మెలు పెట్టి, వాటి మీద ఒక ప్లేటు కూర్చోబెడతాము. మనిషి ప్లేటు మీద నిలబడతాడు, కింద బోర్డు తన ఇష్టం వచ్చినట్టు వంగుతుంది. ముందు దిమ్మెలో ప్లేటు ఒక పిన్ను మీద ఊగుతుంది, అంతే. వెనక దిమ్మెలో పిన్ను ఒక గాడిలో ఉంటుంది, ముందుకూ వెనక్కూ కొన్ని మిల్లీమీటర్లు జారుతుంది. బోర్డు వంగినప్పుడు దిమ్మెల మధ్య దూరం మారుతుంది కాబట్టి ఆ జారుడు ఉండాలి. నీకు ఇది నేను చెప్పడం ఏమిటి? లారీ కమాన్ కట్టకు ముందు వైపు పిన్ను, వెనక వైపు ఊగే లంకె. బరువు పడితే కట్ట సాగుతుంది, సాగినంతా లంకె ఊగాలి. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఖాళీ లారీ కింద నా వేలు ఆ లంకె మీద పెట్టించి, పైన బస్తాలు వేయించి చూపించావు. అది కదిలితే నేను కెవ్వుమన్నాను. గుర్తుందా?

మూడోది చదివి పాపయ్య మామ కూడా నవ్వాడు. మంచు లేని బెంగళూరులో మంచుపలకను ఎట్లా పరీక్షిస్తారు అని. ఇనుప చట్రం మీద బోర్డు రెండు కొసలూ ఆనించి, పాదాలు ఉండే చోట ఇసుక సంచులు వేలాడదీసి, ఎక్కడ ఎంత వంగిందో గేజీతో కొలుస్తాను. ముందు ప్లేటు లేకుండా, తరువాత ప్లేటుతో. రెండు వంపులూ దాదాపు ఒకటిగా రావాలి. తరువాత కె.ఆర్.పురంలో ఐస్‌క్రీం నిల్వచేసే గిడ్డంగికి తీసుకుపోతాము. అక్కడ సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద. ఒక రోజంతా ఐస్‌క్రీం పెట్టెల మధ్య పెట్టి, ఆ చలిలోనే పిన్ను జారుతోందా లేదా చూస్తాము. చలికి గ్రీజు గడ్డకడుతుంది, లోహాలు ముడుచుకుంటాయి. నేను రెండు స్వెట్టర్లు, తలకు పాపయ్య మామ మఫ్లరు వేసుకుని గేజీ చదువుతుంటే అక్కడి హమాలీలు చూడటానికి వచ్చారు.

"ఏం మేడమ్, బట్టలు ఇక్కడ ఇస్త్రీ చేస్తారా?"

"ఔనప్పా," అన్నాడు పాపయ్య మామ. "మా మేడమ్ బట్టలకు మంచిస్త్రీనే. వేడి పడదు."

ఇంకో రోజు మామ నాకే ఆ ప్లాస్టిక్ బూట్లు తొడిగి, రెండు పాత టైర్ల మీద బోర్డు పెట్టి, నన్ను దాని మీద బిగించి నిలబెట్టాడు. పాదాల ఏటవాలు ఎంత పెడితే మోకాలు నొప్పి లేకుండా వంగుతుందో చూడటానికి. నేను పడిపోతానని ఆయన నా చున్నీ కొస పట్టుకున్నాడు, ఆవును పట్టుకున్నట్టు. కింద బోర్డు వంగింది, నా కాళ్ల కింద ప్లేటు మాత్రం అట్లాగే ఉంది. నీటి మీద నిలబడ్డట్టు ఉంది నాయనా. బొమ్మసంద్ర షెడ్డులో, రేకుల కింద, చెమటలు కారుతుంటే, నేను మంచు మీద ఉన్నాను.

ఈ పాపయ్య మామ గురించి నీకు ఇంతకు ముందు కూడా రాశాను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇక్కడే ఫిట్టరు. ఒక్కసారి కూడా మాట పడలేదట. వచ్చే మార్చికి రిటైర్ అవుతాడు. చొక్కా జేబులో పెన్ను ఉండదు, చుట్ట చుట్టిన ఇత్తడి రేకు ముక్కలు ఉంటాయి. ఎక్కడైనా ఏదైనా వదులుగా ఉంటే చిన్న రేకు కత్తిరించి సందులో పెడతాడు, వదులు పోతుంది. క్యాంటీన్ బల్ల కాలి కింద కూడా ఆయన ఇత్తడే. నేను చేరిన కొత్తలో మైక్రోమీటరు పట్టుకోవడం నేర్పింది ఆయనే. కాలేజీలో పుస్తకంలో నేర్పారు, ఆయన నా వేళ్లకు నేర్పాడు.

ఇక్కడితో రెండో కాగితం అయిపోయింది. అమ్మను లోపలికి పొమ్మను.

నీ నాలుగో ప్రశ్న, ఇన్నాళ్లు ఎందుకు రాయలేదని. నువ్వు అడిగిన నాటికి పని ఒత్తిడే, ఆ తరువాత కారణం వేరు. నాయనా, నేను ఒక తప్పు చేశాను. దాన్ని ఇంకొకరి మీద పడనిచ్చాను. ఈ వాక్యం రాయడానికే నాకు ఇన్ని రోజులు పట్టింది.

సెప్టెంబరు ఇరవై ఆరు, శనివారం. నాలుగు బోర్డులకూ పరీక్షలు అయిపోయాయి, రీడింగులు బాగా వచ్చాయి, రిపోర్టు రాసి పెట్టుకున్నాను. మధ్యాహ్నం కొరియర్ వ్యాను వచ్చింది. పాపయ్య మామ భోజనానికి పోయాడు. పెట్టెలో పెట్టేముందు ఒక్కొక్క బోర్డునూ ఎత్తి ఊపి చూశాను. మూడింటిలో చప్పుడు లేదు. నాలుగో దానిలో వెనక దిమ్మె దగ్గర టక్కుమంది. మళ్లీ ఊపాను. మళ్లీ టక్కుమంది. పిన్నుకూ గాడికీ మధ్య అర మిల్లీమీటరు వదులు ఉండవచ్చని మార్టిన్ డ్రాయింగులోనే ఉంది. నాకు అది తెలుసు. అయినా నా చెవి ఒప్పుకోలేదు. చప్పుడు వస్తున్న వస్తువు మీద నా పేరు పంపడమా అనిపించింది. చప్పుడు చేసే లారీని నువ్వు ఏనాడూ షెడ్డు దాటనివ్వలేదు. వినబడకపోయినా అరచెయ్యి చాసిస్ మీద ఆనించి, అదురు పోయేదాకా పని అయిందనేవాడివి కాదు. నేనూ అదే చేస్తున్నాననుకున్నాను.

మామ పనిపెట్టెలోంచి ఇత్తడి రేకు తీసుకుని రెండు ముక్కలు కత్తిరించి గాడిలో పిన్నుకు అటూ ఇటూ దూర్చాను. చప్పుడు పోయింది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. పిన్ను బిగుసుకుందని, ఇక జారదని నాకు తట్టనే లేదు. లంకె మీద వేలు పెట్టి కెవ్వుమన్న దాన్ని నేనే, అదే లంకెకు మేకు కొట్టాను. నువ్వు చప్పుడు పోగొట్టేవాడివి కానీ ఏనాడూ లంకెను కట్టెయ్యలేదు. నీ దగ్గర సగం నేర్చుకుని మిగతా సగం వదిలేశాను.

పరీక్ష అయిన వస్తువును ముట్టుకుంటే మళ్లీ పరీక్షించాలని మా గోడ మీద బోర్డు ఉంది. తెలుగులోనూ కన్నడలోనూ రాసింది నేనే. వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మళ్లీ చట్రం ఎక్కించాలంటే గంట పడుతుంది. పాత రీడింగుల కిందే సంతకం పెట్టి పంపేశాను.

అక్టోబరు చివర్లో మార్టిన్ దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. వీడియోలో చూసిన ఆ అమ్మాయే, పేరు లీనా, ఆ నాలుగో బోర్డు వేసుకుని కొండ మీద నుంచి దిగింది. మూడో మలుపులో బోర్డు వంగలేదు. తిరగాల్సిన చోట తిన్నగా పోయింది. ఆమె పడింది, భుజం దగ్గరి ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఫొటో పంపారు. చెయ్యి మెడకు కట్టుకుని నవ్వుతోంది. నా వయసే ఉంటుంది. ఇంకో ఫొటో కూడా ఉంది. ప్లేటు విప్పి తీసిన వెనక దిమ్మె, గాడిలో ఇత్తడి మెరుస్తోంది.

మా మేనేజరు వెంకటరమణప్ప గారు ఆ ఫొటో ప్రింటు తీయించి అందరినీ పిలిచారు. ఆయన చెడ్డవారు కాదు, నాకు ఉద్యోగం ఇచ్చిందీ ఆయనే.

"ఏమప్పా పాపయ్యా, ఈ బంగారం ఎవురింటిది?"

పాపయ్య మామ కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. జేబులోంచి తన రేకు తీసి ఫొటో పక్కన పెట్టి చూశాడు. "నాదే సార్. మన ఇత్తడే," అన్నాడు. అందరూ నవ్వారు.

"నవ్వేదేమీ లేదు. ఒక పిల్ల ఎముక విరిగి ఉండాది అక్కడ. నువ్వు పెట్టినావా లేదా, అది చెప్పు."

మామ కళ్లద్దాలు తీసి తుడుచుకుని ఫొటోను మళ్లీ చూశాడు. "పెట్టుంటాను సార్. గ్యాపకం లేదు. నా చెయ్యి అదే పెట్టేసుంటాది."

నేను నోరు తెరిచాను నాయనా. నిజంగా తెరిచాను. ఈలోపల మేనేజరు గారు నా వైపు తిరిగి, "నేత్రా, నీ రిపోర్టు చూసినా. రీడింగులన్నీ క్లీన్. నీది తప్పేమీ లేదు, భయపడొద్దు," అన్నారు.

"సరే సార్," అన్నాను.

ఆ రెండు మాటలే. పదకొండు రోజులుగా అవే నన్ను తింటున్నాయి. పాపయ్య మామను ఆ రోజు నుంచే పనికి రావద్దన్నారు. రేపు సోమవారం పొద్దున వచ్చి, అలవాటు కొద్దీ నేనే పెట్టానని కాగితం మీద రాసి సంతకం చెయ్యాలి. ఆ కాగితం ఆస్ట్రియాకు పంపి, మామను పని నుంచి తీసేస్తారు. మార్చిలో పూలదండ వేయించుకుని పోవాల్సిన మనిషి మచ్చతో పోతాడు.

రోజూ పొద్దున ఈ రోజు చెబుతాను అనుకుంటాను. గేటు దగ్గరికి పోగానే నువ్వు గుర్తొస్తావు. నేత్ర ఇంజనీరైందని వచ్చిన ప్రతి డ్రైవరుకూ చెబుతావట. ఆ మాట నీ నోట లేకుండా పోతుందని భయమేస్తుంది. చూశావా, ఇప్పుడు కూడా నీ మీదే తోస్తున్నాను. భయం నీ గురించి కాదు, నా గురించే.

నిన్న ఉండబట్టలేక సిల్క్ బోర్డు కూడలి దగ్గర బస్సు మారి కె.ఆర్.పురం వెళ్లాను, మామ ఇంటికి. ఆయన భార్య భాగీరథమ్మ అత్త తలుపు తీసింది.

"రా తల్లీ. నువ్వైనా వచ్చినావు, కంపెనీలోంచి ఒక్క నరపురుగు రాలేదు," అంది. "చూడు ఈ మనిషిని. పదిరోజులుగా ఒకటే పాట. భాగీరథీ, నేను పొద్దున మాత్ర వేసుకున్నానా, భాగీరథీ, గ్యాస్ ఆపినానా, భాగీరథీ, నిన్న ఎవురైనా వచ్చినారా. నాకు బుర్ర చెడిపోతా ఉండాదేమో అంటాడు."

మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. నేను చెప్పులు కూడా విప్పకుండా, గుమ్మంలో నిలబడే చెప్పేశాను. "మామా, అది నువ్వు పెట్టలేదు. నేను పెట్టాను. నువ్వు భోజనానికి పోయినప్పుడు."

ఆయన నా వైపు చూశాడు. తరువాత, నాయనా, ఆయన నవ్వాడు. తొడ చరుచుకుని నవ్వాడు. "భాగీరథీ, విన్నావా? నేను పెట్టలేదంట! నా బుర్ర బాగానే ఉండాది!" కళ్లల్లో నీళ్లు తిరిగాయి ఆయనకు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఒక మనిషి తన తలనే నమ్మలేక పది రోజులు కూర్చుంటే, దానికి కారణం నా రెండు మాటలు.

అత్త నవ్వలేదు. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని ఉంది, నాకు ఇవ్వకుండా గూట్లో పెట్టేసింది.

మామ నవ్వు ఆపి, కళ్లు తుడుచుకుని, మెల్లగా అన్నాడు. "సరే. విన్నాను, అయిపోయింది. ఇంక ఈ మాట ఎవురికీ చెప్పొద్దు పాపా."

"అదేమిటి మామా?"

"నాకింక నాలుగు నెల్ల సర్వీసు. నీకింకా ముప్ఫై అయిదేండ్ల సర్వీసు ఉండాది. చిన్న పిల్లవు, ఒక్కసారి పేరు పోతే నిన్ను ఏ టెస్టింగు రూములోకీ రానియ్యరు. నేను సంతకం పెట్టేస్తా. నువ్వు నోరు మూసుకుని సుమ్నే ఉండు."

"ఓహో! పెట్టేస్తాడంట సంతకం!" అత్త గొంతు వీధి దాకా వినబడింది. "ముప్ఫై ఒక్క ఏండ్లు టిఫిన్ కట్టినాను నేను. ఒక్కనాడు లేటు కానియ్యలేదు. ఆ సంతకంలో నాకు సగం లేదా? నన్ను అడగకుండా దానం చేసేదానికి నువ్వెవురు?"

"ఏయ్, పిల్ల ముందర..."

"పిల్ల ముందరే. పిల్లకు తెలియాల." నా వైపు తిరిగింది. "ఇంటికి పో అమ్మా. నాకిప్పుడు నోట్లో మంచి మాట లేదు. పో."

బస్సులో కూర్చున్నాక ఒక సంగతి నాకే తెలిసి వచ్చింది, అది నీకు కాక ఎవరికీ చెప్పలేను. మామ సుమ్నే ఉండు అన్నప్పుడు నా గుండె తేలికైంది. నష్టపోయే మనిషే వద్దంటున్నాడు కదా అనిపించింది. బస్సు మారతహళ్లి చేరేదాకా హాయిగానే ఉన్నాను. ఆ హాయి చూసి నాకే భయమేసింది. ఇంత తొందరగా హాయి కలిగితే, రేపు ఇంకో చోట ఇంకో బోర్డు కింద ఇంకేమైనా పెట్టి కూడా హాయిగానే ఉంటాను.

అందుకే ఈ రోజు ఆదివారం పొద్దుననుంచీ కూర్చుని నీకు రాస్తున్నాను. నీకు తెలిసిపోయాక వెనక్కి తగ్గడానికి నాకు చోటు ఉండదు. రేపు తొమ్మిదిన్నరకు వెంకటరమణప్ప గారి గదిలోకి మామ కంటే ముందు నేను వెళ్తాను. లీనాకు కూడా రాయాలి. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే, అయినా ఎవరితోనూ దిద్దించకుండా రాస్తాను. ఉద్యోగం పోతే కొన్నాళ్లు ఇంటికి వస్తాను. డ్రైవర్లకు ఏం చెప్పాలో నీ ఇష్టం. నీకు కోపం వస్తే అది కూడా రాయి. దాచుకోవద్దు.

సోమవారం. ఎనిమిది ముప్పావు.

నాయనా, ఉత్తరం అంటించలేదు. కంపెనీ గేటు ఎదురుగా టీ బంకు బల్ల మీద కాగితం పెట్టి ఇది రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. బస్సు దిగేసరికి మామ, అత్త ఇక్కడే నిలబడి ఉన్నారు. మామ గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు, వద్దు అన్నట్టు.

నేను అత్త దగ్గరికి పోయి, "నేను ముందు లోపలికి పోతా అత్తా," అన్నాను.

"పోతావో పోవో నాకు తెలీదు. నేను నీకోసం రాలేదు. ఈ మనిషి చెయ్యి సంతకం పెట్టకుండా పట్టుకునేదానికి వచ్చినా," అంది. కోపం తగ్గలేదు. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఏం ఆకారం ఇది? రాత్రంతా ఏడ్చినావా? తప్పు చెప్పుకునే వాళ్లు తల దువ్వుకుని పోవాల. లేకపోతే జాలిపడి వదిలేస్తారు. జాలితో వదిలేస్తే మళ్లీ నీకే చెడ్డ."

అని తన సంచిలోంచి దువ్వెన తీసింది. ఈ టీ బంకు దగ్గర, షిఫ్టుకు పోయే జనమంతా చూస్తుండగా, నా జడ విప్పి మళ్లీ అల్లుతోంది. గట్టిగా లాగుతోంది, నొప్పిగా ఉంది. నేను తల కదపకుండా ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మామ పక్కన నిలబడి టీ చల్లార్చుకుంటూ, "మెల్లగా భాగీరథీ, మెల్లగా," అంటున్నాడు.

జడ అయిపోయింది. గేటు తీశారు. ఉత్తరం డబ్బా పక్కనే ఉంది.

ఇట్లు,
లోపలికి వెళ్తున్న
నీ కూతురు
నేత్రావతి.